పొద్దున్నే పెట్టిన నమస్కారం

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. కాలువల మీద ఇంజనీరుగా పనిచేసినన్నాళ్ళూ నా వెనకాల నన్ను ఏమని పిలుచుకునేవారో నాకు తెలుసు. అది ఇక్కడ రాయను. ధవళేశ్వరంలో పుట్టాను, అక్కడే చదివాను, నీళ్ళ శాఖలోనే చేరి అందులోనే రిటైరయ్యాను. ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని సంగతి ఏదైనా చెప్పండి మేడం అన్నారు. వరదల గురించి చెబుతాననుకున్నారు పాపం. వరదల గురించి అందరూ చెబుతారు. నేను ఒక ఫోను గురించి చెప్పాను. వాళ్ళకి అంత రుచించినట్టు లేదు, కాఫీ తాగి వెళ్ళిపోయారు. అందుకే ఇప్పుడు కాస్త వివరంగా రాస్తున్నాను.

నా ఆఖరి పోస్టింగు గోదావరి కాలువల్లో ఒక సెక్షను. కాలువ నీళ్ళు ఆపి వదిలే లాకుల పక్కన పాత పెంకుటింట్లో ఆఫీసు. ఒక కంప్యూటరు, గాలి కంటే చప్పుడు ఎక్కువిచ్చే ఒక ఫ్యాను, ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు గారు, ఆయన కింద కొందరు లస్కర్లు. లస్కరంటే కాలువ గట్టు మీద తనకిచ్చిన మేర రోజూ నడిచి చూసుకునే మనిషి. గేజీ, అంటే కొలబద్ద మీద నీటిమట్టం చూడాలి, తూములు ఎత్తాలి, దించాలి, గట్టు ఎక్కడైనా బలహీనపడితే ఆఫీసుకి చెప్పాలి. బస్సు కిటికీలోంచి పచ్చటి చేలు చూసి మురిసిపోతుంటారు కదా, అదంతా వీళ్ళ కాళ్ళ చలవే.

వర్క్ ఇన్‌స్పెక్టరు గారు మెత్తని మనిషి. ఆదివారాలు చర్చిలో కీర్తనలు పాడే బృందానికి ఆయనే పెద్ద. ఎవరినీ నొప్పించరు. నొప్పించని మనిషి చేతిలో ఏ పనీ ఒక పట్టాన తెమలదని నేను తరచూ విసుక్కునేదాన్ని. సాయంత్రం లాకుల దగ్గర టీకొట్టు బల్ల మీద ఆయన కూర్చుంటే లస్కర్లు ఒక్కొక్కరే వచ్చి ఆ రోజు సంగతులు చెప్పేవారు. ఎక్కడ నీళ్ళు చాలట్లేదు, ఎక్కడ గట్టు జారింది, ఎవరు రాత్రికి రాత్రి తూము ఎత్తేశారు, అన్నీ అక్కడే తేలేవి. మా అసలు ఆఫీసు ఆ టీకొట్టే అనుకోండి.

ఆ బల్ల దగ్గరికి రాని లస్కరు ఒక్కరే. ఆవిడ భర్త అదే ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఆ ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. అందరికంటే చివరి మేర ఆవిడది, కొబ్బరితోటల మధ్య, ఫోను సిగ్నలు సరిగా అందని చోటు. మగవాళ్ళ మధ్య టీకొట్టు దగ్గర నిలబడితే ఊళ్ళో ఎన్ని మాటలు పుడతాయో ఆవిడకి తెలుసు. అందుకని వచ్చేది కాదు, రమ్మని ఎవరూ అనలేదు కూడా.

ఆవిడ మీద నాకు మొదటినుంచీ ఒక గుర్రు ఉండేది. నేను తనిఖీకి వెళితే మిగిలిన లస్కర్లందరూ దూరంనుంచే చేతులు జోడించేవారు. ఈవిడ మాత్రం తలూపి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, గట్టు వెంట ముందు నడిచేది. నమస్కారం గిమస్కారం ఏమీ లేదు. నమస్కారాల కోసం ఉద్యోగం చెయ్యలేదు నేను. కానీ అది లేకపోతే మటుకు బాగా తెలుస్తుంది. పొగరనుకున్నాను.

రెండో పంట, దాళ్వా వరి చేలు పొట్ట మీదున్న రోజుల్లో ఒక ఉదయం ఆవిడ మేరలో గట్టు తెగింది.

నేను వెళ్ళేసరికి కొబ్బరితోట ఎదురుగా గండిలోంచి నీళ్ళు చేలల్లోకి పోతున్నాయి. రైతులూ లస్కర్లూ ఇసుక బస్తాలు మోస్తున్నారు. ఆవిడ నడుం లోతు నీళ్ళలో నిలబడి బస్తాలు అందుకుంటోంది. పైన తూములు దింపించి, ఎలాగో సాయంత్రానికి గండి పూడ్చాం. ఈలోగా గట్టు కింద చేలు మునిగిపోయాయి. ఒక కౌలురైతు గట్టు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు, నీళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. అరిచేవాళ్ళకంటే ఆయన్ని చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.

అరిచేవాళ్ళు ఏమన్నారంటే, ఆ గట్టులో బుంగ పడి చాలా రోజులైంది, లస్కరుకి చూపించాం, రోజూ చూస్తూనే ఉంది, ఆఫీసుకి చెప్పలేదు అని. బుంగంటే పీతలో ఎలుకలో తవ్విన కన్నం. మొదట్లో చూసుకుంటే తట్టెడు మట్టితో పోయేదానికి, వదిలేస్తే గట్టే పోతుంది.

ఆవిడని అడిగితే, చెప్పానండి, రోజూ చెబుతూనే ఉన్నానండి అంది. ఎవరికి చెప్పావంటే, ఫోనులో ఆఫీసువారు పెట్టించిన రికార్డరు ఉంది కదండీ, అందులో చెప్పాను అంది. ఆ ఫోను చూపించమన్నాను. పొద్దున్న గట్టు జారుతుంటే సిగ్నలు కోసం పరిగెత్తబోయి కాలవలో పడేసుకున్నానండి అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. రికార్డరేంటి, నాకు తెలియకుండా?

వర్క్ ఇన్‌స్పెక్టరు గారు నసుగుతూ అసలు సంగతి చెప్పారు. నాకు ముందున్న ఆఫీసరుకి యంత్రాలంటే మోజట. లస్కర్లందరికీ స్మార్టుఫోన్లు ఇప్పించి, అందులో ఒక రికార్డరు పెట్టించారు. రోజూ పొద్దున్నే బొత్తాం నొక్కి, నీటిమట్టం ఎంత, గట్టు ఎలా ఉంది అని చెప్పాలి. ఆ గొంతుని అది దాచుకుంటుంది, పైగా తెలుగులో టైపు కూడా చేసి పెడుతుంది. ఆఫీసుకి ఫోన్లు చేసి విసిగించొద్దు, ఏదున్నా అందులోనే చెప్పండి, మేం వింటాం అని గట్టిగా ఆర్డరు వేశారట. వినే పని ఒక కాంట్రాక్టు ఆపరేటరుది. ఆఫీసరుకి బదిలీ అయింది, ఆపరేటరు కాంట్రాక్టు అయిపోయింది, వింటున్నవాళ్ళు లేరని లస్కర్లకి అర్థమై మళ్ళీ టీకొట్టు బల్లకే వచ్చేశారు. ఆ మాట టీకొట్టు దగ్గరే అనుకున్నారు కాబట్టి అక్కడికి రాని మనిషికి చేరలేదు. నేను ఛార్జి తీసుకున్నప్పుడు రాసిచ్చిన కాగితంలో కాలు విరిగిన కుర్చీ కూడా ఉంది కానీ ఈ రికార్డరు మాట లేదు.

ఆవిడ ఇప్పటికీ అందులో చెబుతోందా అని అడిగితే, ఏమోనండి, చెప్పి ఉండచ్చు, కానీ ఫోనే పోయింది కదండీ, ఇంక ఏమని చూపిస్తాం అన్నారు.

ఆవిడ నంబరు నుంచి ఆఫీసుకి ఒక్క కాల్ కూడా లేదని తేలింది. పైనుంచి ఛార్జి మెమో వచ్చింది. ఎంక్వైరీకి ఆఫీసరు వస్తున్నారన్నారు. మామూలుగా ఇలాంటివి ఎలా ముగుస్తాయో మాకు తెలుసు. పంట పోయింది, రైతులు రోడ్డెక్కారు, ఎవరో ఒకరిని ఇంటికి పంపాలి. పంపడానికి అందరికంటే సులువైన మనిషి ఆవిడే. ఉద్యోగం పోతే మళ్ళీ చేలల్లో ఊడ్పుకూలికి వెళ్ళాల్సిందే.

మెమో అందుకోడానికి ఆఫీసుకొచ్చినప్పుడు ఆవిడ ఏడవలేదు. సంతకం పెట్టి ఒక్క మాట అంది.

"కూలికి వెళ్ళడం నాకు కొత్త కాదండి. అబద్ధాలకోరని మాత్రం ఎవరూ అనలేదండి ఇన్నాళ్ళూ."

నమ్మానా అంటే, సగం నమ్మాను. మిగతా సగం నమస్కారం దగ్గర ఆగిపోయింది.

ఎంక్వైరీకి ముందురోజు మధ్యాహ్నం. ఫైళ్ళు సర్దుకుంటున్నాను. వర్క్ ఇన్‌స్పెక్టరు గారు ఎదురుగా కూర్చుని తన ఫోనుతో కుస్తీ పడుతున్నారు. ఈ వెధవ ఫోనులో స్టోరేజీ నిండిపోయిందంటోందండి, నేను ఫోటోలు తియ్యను, సినిమాలు చూడను, అన్నీ చెరిపేశాను, అయినా నిండిపోయిందనే అంటోంది అని గొణుగుతున్నారు. ముందు విసుక్కున్నాను. తర్వాత చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఫోన్లన్నీ మొదట్లో సిద్ధం చేసింది ఎవరండీ అని అడిగాను. నేనేనండి అన్నారు. ఒక్కొక్కరికీ వేరే అకౌంటు తెరిచారా అన్నాను. ఆయన కాసేపు తల గోక్కున్నారు. అంతమందికి అన్ని పాస్‌వర్డులు ఎవరు గుర్తుపెట్టుకుంటారని, ఆఫీసు పేర ఒకే అకౌంటు తెరిచి అందరి ఫోన్లలోనూ అదే పెట్టేశారట. తన సొంత ఫోనులోనూ అదే. ఆపరేటరు వెళ్ళిపోయాక ఎవరూ ముట్టుకోలేదట.

అంటే వాళ్ళందరూ మాట్లాడిందంతా క్లౌడులో ఒకేచోటికి చేరుతోందన్నమాట. ఈయన స్టోరేజీ నిండింది కూడా వాటితోనే. మరి ఆవిడ ఫోను కాలవలో పడితే మాత్రం ఏమైంది?

కంప్యూటరులో తెరవమన్నాను. ఆయన తెరవరు. నీళ్ళు నమిలారు, రేపు చూద్దామన్నారు, కరెంటు పోతుందేమో అన్నారు. నేను కళ్ళెర్రజేస్తే అప్పుడు బయటపడ్డారు. చర్చిలో పాడే ముందు ఇంట్లో సాధన చేస్తూ తన పాట ఎలా ఉందో వినడానికి ఆయన కూడా అదే రికార్డరులో పాడుకునేవారట. అవి కూడా అందులోనే ఉంటాయి. "మీరు నవ్వకూడదండి" అని మాట తీసుకుని మరీ పాస్‌వర్డు కొట్టారు. అది ఆయన భార్య పేరు. పదం పక్కన అంకెలు కూడా లేవు.

తెరుచుకుంది. వరసగా రికార్డింగులు. ఒక్కొక్కదాని కింద ఆ యంత్రం టైపు చేసిన నాలుగు ముక్కలు. మిగిలిన లస్కర్లవి మొదట్లో కొన్ని ఉండి ఆగిపోయాయి. తర్వాత రెండే రెండు గొంతులు. ఆదివారం ముందు ఈయన పాట, ప్రతిరోజూ పొద్దున్న ఆవిడ మాట. ఒక్క రోజు తప్పలేదు. సిగ్నలు లేని చోట చెప్పినవి కూడా ఇంటికి వెళ్ళాక వాటంతటవే పైకి చేరిపోయాయి.

నేను వచ్చిన కొత్తల్లోది ఒకటి నొక్కాను. కాకుల అరుపు వినబడింది, నీళ్ళ చప్పుడు వినబడింది, తర్వాత ఆవిడ గొంతు.

"మేడంగారండీ, నమస్కారమండి. మీరు కొత్తగా వచ్చారంటండి. గేజీ మామూలేనండి. గట్టు బాగానే ఉందండి. ఉంటానండి."

కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. ఇంకొకటి నొక్కాను. మళ్ళీ మేడంగారండీ, నమస్కారమండి. ఏది నొక్కినా మొదటి మాట అదే. పెద్దాపురంలో మరిడమ్మ జాతరకి వెళ్ళిన రోజు కూడా, గట్టు నడిచి చూసుకునే బస్సెక్కుతున్నానండి అని చెప్పి మరీ వెళ్ళింది.

గండికి ముందు రోజులవి వెతికాం. అక్కడా ఉన్నాయి. బుంగ పడిందని చెప్పిన రోజుంది, మట్టి కుక్కానని చెప్పిన రోజుంది, ఆగట్లేదని చెప్పిన రోజుంది. అమ్మయ్య, మనిషి దక్కింది అనుకున్నాను. కానీ అందులో ఇంకో మెలిక ఉంది. వర్క్ ఇన్‌స్పెక్టరు గారు నాకంటే ముందే గ్రహించారు. ప్రతి దాంట్లోనూ మేడంగారూ అని మిమ్మల్నే పిలుస్తోందండి, ఆవిడ బయటపడితే ఇది వచ్చి మీ మెడకి చుట్టుకుంటుందండి అని మెల్లగా అన్నారు. రిటైర్మెంటు దగ్గర పడింది. పెన్షను కాగితాలు కదులుతున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మేడంగారూ అన్న మాట ఉన్నచోట్ల తీసేద్దామా అని ఆలోచన వచ్చిందా అంటే వచ్చింది. ఎలా తియ్యాలో మా ఇద్దరికీ తెలియదు. తెలిసినా తీసేదాన్ని కాదని ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను, రిటైరైపోయాను కాబట్టి. ఆ సాయంత్రం మాత్రం ఏం చెయ్యాలో తోచక, మళ్ళీ మొదటినుంచీ ఒక్కొక్కటీ వింటూ కూర్చున్నాను. వినగా వినగా ఒక సంగతి తెలిసింది. ఆవిడ ఎవరికో అప్పజెబుతున్నట్టు మాట్లాడట్లేదు. అవతల మనిషి వింటున్నట్టే మాట్లాడుతోంది. మీకు జ్వరమంటండి, తగ్గిందాండి అని కూడా అడిగింది ఒకరోజు. అది విన్నాక ఇంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఎంక్వైరీ ఆఫీసరు వచ్చారు. సన్నటి మనిషి. మా టీ కూడా ముట్టుకోలేదు. ఆవిడ తలుపు పక్కన నిలబడింది. నేను సంగతి చెప్పి కంప్యూటరు ఆయనకేసి తిప్పాను. వర్క్ ఇన్‌స్పెక్టరు గారు కంగారులో వేరేది నొక్కారు. ఆ పెంకుటింట్లో ఒక్కసారిగా ఆయన కీర్తన మారుమోగింది, అదీ పైస్థాయిలో అపశ్రుతి పలికిన చోట. ఆయన మొహం చూడలేకపోయాం. నవ్వనని మాట ఇచ్చాను కాబట్టి పెదవి కొరుక్కున్నాను. ఆఫీసరు మాత్రం ఏమీ అనకుండా, తర్వాతది పెట్టండి అన్నారు.

గండికి ముందురోజుది పెట్టాం.

"మేడంగారండీ, నమస్కారమండి. కొబ్బరితోట ఎదురుగా ఆ బుంగ పెద్దదైపోయిందండి. నా ఒక్కదాని వల్ల కావట్లేదండి. మనుషుల్ని పంపండని మొన్నా చెప్పాను, నిన్నా చెప్పాను. మీరు మంచోరేగానండీ, చెవుడేమోనని అనుమానంగా ఉందండి. రేపు కూడా పంపకపోతే ఇంక నేనే ఊళ్ళోకెళ్ళి మనుషుల్ని పోగేసుకుంటానండి. ఉంటానండి."

ఆవిడ చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు నాకేసి తిరిగారు.

"ఈ మేడంగారు ఎవరండి?"

"నేనేనండి."

"ఇవి ఎప్పుడు విన్నారు?"

"నిన్న సాయంత్రమండి. అంతకుముందు ఇవి ఉన్నాయనే తెలియదు."

పాత ఆర్డరు కాపీ, నేను ఛార్జి తీసుకున్న కాగితం ముందు పెట్టాను. ఆయన రెండూ చదివారు. ఆవిణ్ణి దగ్గరికి పిలిచి, ఇన్ని రోజులు చెప్పినా ఎవరూ రాకపోతే నీకు అనుమానం రాలేదా అమ్మా, ఎవరూ వినట్లేదని, అని అడిగారు.

"ఆఫీసర్లన్నాక వింటారండి, పలకరు. మామూలే కదండీ?"

ఆయన కలం పక్కన పెట్టారు. తర్వాత టీ తెప్పించమన్నారు. ఆ మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది. మా శాఖలో ఆఫీసరు టీ అడిగాడంటే గండం గడిచిందనే లెక్క.

ఆవిడ మీద ఛార్జీలు కొట్టేశారు. విధి సక్రమంగా నిర్వర్తించింది అని రాశారు. ఆ ముక్క చదివి వినిపిస్తే, అందులో అబద్ధం చెప్పలేదని కూడా ఉందాండి అని అడిగి, ఉందనిపించుకుని మరీ వెళ్ళింది. నాకు జాగ్రత్తగా ఉండమని ఒక మెమో ఇచ్చారు. సర్వీసులో నేను సంతోషంగా సంతకం పెట్టి తీసుకున్న మెమో అదొక్కటే. పెన్షను కాగితాలు కదిలాయి. మునిగిన పంటని మాత్రం ఏ రికార్డింగూ తిరిగి తేలేదు. ఆ కౌలురైతు కనబడినప్పుడల్లా నేనే ముందు పలకరించేదాన్ని, ఆయన తల వంచుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఆవిణ్ణి ఆపి, ఇన్నాళ్ళూ కడుపులో ఉంచుకున్నది అడిగేశాను. నేను గట్టు మీదికి వచ్చినప్పుడు ఒక్కసారైనా నమస్కారం పెట్టలేదేం అని. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"పొద్దున్నే పెట్టేశాను కదండీ."

తర్వాత ఆవిడకి కొత్త ఫోను ఇప్పించి, ఎవరి అకౌంటు వాళ్ళకి వేరే చేయించి, అన్నీ ఆఫీసు కంప్యూటరులో వినబడేలా పెట్టించాను. వర్క్ ఇన్‌స్పెక్టరు గారు తన పాటలు తను తీసుకెళ్ళిపోయారు. వారానికి ఒకసారి లస్కర్లందరూ టీకొట్టు దగ్గర కాకుండా ఆఫీసు వరండాలో కూడాలని ఆర్డరు వేశాను. రోజూ పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆవిడ చెప్పింది వినేదాన్ని. విన్నాక ఫోను చేసి, విన్నానమ్మా అనేదాన్ని, అంతే. పిల్లలూ, కాలువల గురించి మీకు మీ పుస్తకాలు చెబుతాయి. వినడం అయ్యాక విన్నానని చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమేనని మాత్రం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

రిటైరైన రోజు ఆఫీసంతా హడావిడి. దండలు, శాలువాలు, పూతరేకులు, ఎవరెవరో ప్రసంగాలు. వర్క్ ఇన్‌స్పెక్టరు గారు ఒక కీర్తన పాడారు, ఈసారి శ్రుతి తప్పలేదు. లస్కర్లు వరసగా వచ్చి చేతులు జోడించారు. ఆవిడ వంతు వచ్చింది. దండ నా చేతిలో పెట్టి, తలూపి, పక్కకి వెళ్ళబోయింది.

ఈ ఒక్క రోజైనా చేతులు జోడించవచ్చు కదమ్మా అన్నాను, అందరూ నవ్వారు.

"పొద్దున్నే పెట్టానండి. ఇవాళ వినలేదాండీ?"

నిజమే, ఆ రోజు హడావిడిలో వినలేదు. శాలువా అలాగే భుజం మీద ఉంచుకుని లోపలికి వెళ్ళి కంప్యూటరు తెరిచాను. కాకులు అరిచాయి, నీళ్ళ చప్పుడు వినబడింది. మేడంగారండీ, నమస్కారమండి అంది. గేజీ మామూలే. గట్టు బాగానే ఉందట.